పదిహేను నిమిషాల వేడి

తొంభై రెండు డిగ్రీలు. వంద దాటితే ట్రాన్స్‌మిటర్ దానంతటదే ఆగిపోతుంది.

నోయెల్‌కి కళ్ళు మూతలు పడుతున్నాయి. సెమిలిగుడ దగ్గర కొండ మీది ఈ రేడియో కేంద్రంలో కొత్త యంత్రాలు బిగిస్తూ రెండు రోజులుగా నిద్ర లేదు. ట్రాన్స్‌మిటర్ నుంచి వచ్చే లావుపాటి రాగి గొట్టం చివర, వేడి పోయేందుకు లోహపు రెక్కలున్న డబ్బా ఒకటుంది. దాన్ని చల్లబరిచే ఫ్యాను పొద్దున్నే కాలిపోవడంతో డబ్బా వేడెక్కిపోతోంది.

అద్దం అవతల, స్టూడియోలో, మైకు ముందు ఫేబ. ఇద్దరికీ పెళ్ళై పదకొండు రోజులు. రాయగడలో నర్సు. పసిపిల్లల జ్వరం గురించి పదిహేను నిమిషాలు మాట్లాడాలి. నిన్న రెండుసార్లు మైకు ముందు కూర్చుంది, రెండుసార్లూ గొంతు పెగల్లేదు.

"అంతమంది ఇంటారంటే నోరు రాదండి," అని ఏడ్చింది. మూడోసారీ ఆగిపోతే ఇక ఈ మెట్లెక్కనంది.

ఇప్పుడు, ప్రసారం నడుస్తోందని చెప్పే ఎర్ర దీపం కేసి చూస్తూ తడబడకుండా చెప్పుకుపోతోంది.

నోయెల్ డబ్బా మీద తడి గోనె పరిచాడు, గొట్టం అతుకు మీద చుక్క పడకుండా. ఆవిరి లేచింది. వేళ్ళు చుర్రుమన్నాయి.

కాపలా గున్నయ్య ఇంకో బకెట్టు నీళ్ళు తెచ్చి దించాడు. "పవరు తగ్గించెయ్ బాబూ. కొత్త పెళ్ళికొడుకువి, ఈ పొయ్యి కాడ నీకేటి పని?"

"తగ్గిస్తే లోపల దీపం ఆరిపోద్ది మావా. దాంతో ఫేబా ఆగిపోద్ది."

తొంభై ఆరు. బిడ్డ ఒళ్ళు కాలుతుంటే గోరువెచ్చని నీళ్ళలో ముంచిన గుడ్డతో తుడవమంటోంది ఫేబ. ఇవతల ఆమె మొగుడు గోనె తడిపి మళ్ళీ పరుస్తున్నాడు. నాలుగోసారి. ఐదోసారి. నడుము విరిగిపోతోంది. తొంభై ఎనిమిది. ఇంకా తొంభై ఎనిమిదే.

ఫేబ సెలవు తీసుకుంది. నోయెల్ స్విచ్చి కట్టేసి గోడకి జారబడి కూర్చున్నాడు.

ఆమె పరుగున వచ్చింది. ఒక్క మాటా తప్పలేదట. చివర్లో నవ్వు కూడా వచ్చిందట. నారాయణపట్నలో అమ్మ విందో లేదో అడగాలని ఫోన్ తీసింది.

నోయెల్ బొబ్బలెక్కిన చెయ్యి ఆ ఫోన్ మీద వేశాడు.

"రేపు పదింటికి ఇనమని సెప్పు ఫేబా, ఈ డబ్బా ఉత్త పరీక్షలకెట్టింది, నీ మాటలన్నీ ఇందులోనే వేడైపోయేయి గానీ ఒక్కటీ టవరెక్కనేదు."