ఒకే ఒక్క షరతు

"ముందు ఆ కుర్చీలో కాస్త వెనక్కి జరిగి కూర్చోండమ్మా. అలా అంచు మీద కూర్చుంటే మిమ్మల్ని చూసి నాకు భయమేస్తోంది" అంది కౌన్సెలర్.

తల్లి కొంచెం జరిగింది. చేతిసంచిని మాత్రం ఒళ్లోంచి దించలేదు.

కాలేజీలో చేరబోయే పిల్లల ఇంటివాళ్లకి ఏ చదువుకి ఎంత ఖర్చవుతుందో విడమరిచి చెప్పడం, ఎవరికి ఏ సాయం దొరుకుతుందో చూసిపెట్టడం ఆ కౌన్సెలర్ ఉద్యోగం. ఆ గదిలోకి వణక్కుండా వచ్చిన తల్లిదండ్రుల్ని ఆవిడ ఇంతవరకూ చూడలేదు. అందుకే బల్ల మీద ఎప్పుడూ ఒక మంచినీళ్ల సీసా ఉంచుతుంది.

తల్లి ఒక హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. అంత పెద్ద కాలేజీ మెట్లెక్కడం అదే మొదటిసారి. ఆమెకున్నది ఒక్కతే కూతురు. పిట్ట అని పిలుచుకుంటుంది. పక్క కుర్చీలో పిట్ట కాళ్లూపుతూ గోళ్లు కొరుక్కుంటోంది. ప్రవేశ పరీక్షలో ఆ పిల్లదే మొదటి ర్యాంకు.

"కాలేజీ ఫీజు, హాస్టల్, భోజనం, పుస్తకాలు. అన్నీ కలిపి చూస్తే మీకు కళ్లు తిరుగుతాయి" అంటూ కౌన్సెలర్ నవ్వింది. "కానీ కలిపి చూడక్కర్లేదు. మొదటి ర్యాంకు వచ్చినవాళ్లని మొత్తం మా దాతలే చదివిస్తారు. మీరు చిల్లిగవ్వ కూడా తీయక్కర్లేదు."

పిట్ట కేక పెట్టబోయి చేత్తో నోరు మూసుకుంది. తల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. గుండెల మీంచి బండ దించినట్టయింది.

"ఒకే ఒక్క షరతు. షరతు కూడా కాదులెండి, ముచ్చట. మీ తల్లీకూతుళ్ల ఫొటో అన్ని పేపర్లలోనూ వేస్తారు. ప్రతి ఊరి బస్టాండులోనూ ఇంతెత్తు బోర్డు పెడతారు. ఎక్కడ చూసినా మీ అమ్మాయి మొహమే!"

తల్లి చేతిసంచిని గుండెలకి హత్తుకుంది.

"ఫొటో లేకుండా కుదరదా అమ్మా?"

"దాతలు ఒప్పుకోరు. వాళ్లకదే కదా సంబరం. మంచి బట్టలు మేమే ఇప్పిస్తాం, మీకా దిగులు వద్దు."

"పోనీ, పిల్ల మొహం కనపడకుండా... అటు తిప్పి?"

కౌన్సెలర్ పకపకా నవ్వింది. "వీపు చూసి చందాలెవరిస్తారమ్మా!"

తల్లి నవ్వలేదు. కిటికీ అవతల ఎవరో గబగబా నడిచి వెళ్తే ఉలిక్కిపడింది.

"అయితే మాకొద్దు" అంటూ లేచి నిలబడింది.

పిట్ట నోరు తెరిచి చూసింది. "ఏం మాట్లాడుతున్నావమ్మా?"

"వద్దన్నానా! పద."

"ఎప్పుడూ ఇంతే మేడమ్!" పిట్టకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "స్కూల్లో అందరూ ఫొటో దిగితే ఆ రోజు నన్నొక్కదాన్నే ఇంట్లో కూర్చోబెట్టింది. కప్పు గెలిస్తే స్టేజీ ఎక్కనివ్వలేదు. నేను పైకి రావడం నీకిష్టం లేదా అమ్మా? జీవితాంతం నీ పక్కన కూర్చుని దుప్పట్లు మడతపెట్టమంటావా?"

తల్లి కూతురి భుజం మీద చెయ్యి వేయబోయింది. పిట్ట విదిలించుకుంది.

ఏదో ఒకటి చెప్పాలి. కౌన్సెలర్ తననే చూస్తోంది.

"పిల్ల చదువు కోసం చెయ్యి చాచామని ఊరందరికీ చాటుకోలేనమ్మా" అంది చివరికి. "మా లేమిని బొమ్మ గీసి గోడలకి అంటించుకోమంటే ఎట్లా? రెండు షిఫ్టులు చేస్తాను. పండగా పబ్బం లేకుండా చేస్తాను. ఇంకో దారి ఏదైనా చూపించండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

నిజంగానే వంగింది. కౌన్సెలర్ గబుక్కున లేచి పట్టుకుంది.

కౌన్సెలర్ ఇంక నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఉద్యోగం వచ్చాక పిట్టే తీర్చుకునే అప్పు ఒకటుంది, ఫీజు దాంట్లో గడుస్తుంది. సాయంత్రాలు లైబ్రరీలో పనిచేస్తే హాస్టల్ ఖర్చు వెళ్లిపోతుంది. పుస్తకాలు ఎలాగూ అక్కడే ఉంటాయి. భోజనం ఖర్చు మాత్రం తల్లి చూసుకోవాలి.

"కష్టమేనమ్మా. అన్నీ ఉత్తినే వచ్చేదాన్ని కాదనుకుంటున్నారు."

"ఇందులో ఫొటో ఉండదుగా?"

"ఉండదు."

"ఎక్కడా?"

"ఎక్కడా ఉండదు."

తల్లి సీసా ఎత్తి గటగటా నీళ్లు తాగింది.

వెళ్లబోతుంటే కౌన్సెలర్ పిట్టని గుమ్మం దగ్గర ఆపి, తల్లికీ వినపడేలా అంది. "ఈ గదిలో ఎంతోమందిని చూశాను. ఇంత ఆత్మాభిమానం ఎవరిలోనూ చూడలేదు. అమ్మ మీద కోపం పెట్టుకోకు. ఇలాంటి తల్లి కడుపున పుట్టడం నీ అదృష్టం."

తల్లి చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని, వెనక్కి చూడకుండా మెట్లు దిగింది.

రోడ్డంతా జనం. పిట్ట చాలాసేపు మూతి ముడుచుకుని నడిచింది. చివరికి తనే కరిగింది.

"సర్లే అమ్మా. లైబ్రరీలో ఏసీ ఉందట. నీ ఇస్త్రీ గది కన్నా నయం" అని, ఎండలో తల పైకెత్తి ఫక్కున నవ్వింది.

ఎదురుగా వస్తున్న ఒకావిడ ఆ నవ్వు చూసి ఒక్క క్షణం ఆగింది.

"తల మీద గుడ్డ కప్పుకో" అంటూ తల్లి పిట్ట చెయ్యి పట్టుకుని సందులోకి లాక్కుపోయింది.

అప్పట్లో ఆసుపత్రిలో ఏ బాలింత నిద్రపోతుండగా తను ఆమె పక్కలోంచి పొత్తిళ్లతో సహా పిట్టని ఎత్తుకొచ్చేసిందో, పెరిగేకొద్దీ పిట్టకి అచ్చు గుద్దినట్టు ఆ బాలింత మొహమే వస్తోంది.