తల్లుల గది స్పీకర్

"మళ్లీ నోరు పడిపోయింది!" అంటూ మేనేజరు బాలసుందరం అద్దాల గది తలుపుకు చెవి ఆనించాడు. అటు హాల్లో తెరమీది కథానాయిక ఏడుపుకు పైకప్పు రేకులు అదురుతున్నాయి. తలుపు అవతల ఉన్న స్పీకర్ మాత్రం కిక్కురుమనడం లేదు.

"ఏమప్పా ఆనందన్, ఇదేనా నువ్వు చేసిన వైరింగు?"

ఆనందన్ స్క్రూడ్రైవర్ పట్టుకుని గోడవారగా నిలబడి ఉన్నాడు. "నా వైరింగులో తప్పు లేదు సార్. ఆంప్లిఫయర్ తీగ పెట్టెలోకి, పెట్టెలోంచి స్పీకర్‌కి. నా చేత్తో బిగిచ్చినా. పొద్దున మీరే తిప్పి చూస్తిరి కదా, పలికింది. లోపల ఎవురో మీట తగ్గిస్తా ఉండారు."

"టిక్కెట్టు తీసుకోని వచ్చి మాటలు వద్దనేవాళ్లు ఉంటారా? చెప్పేదానికి ఒక అర్థం ఉండొద్దా?"

పట్నంలో ట్రాములు తిరగడం ఆగిపోయాక తొండియార్‌పేటలో తెరిచిన కొత్త టాకీసు అది. చంటిబిడ్డలు ఏడిస్తే హాల్లోవాళ్లకు ఇబ్బంది లేకుండా వెనకవైపు తల్లులకని ఒక అద్దాల గది కట్టారు. బొమ్మ అద్దంలోంచి కనిపిస్తుంది, మాటలు గోడమీది స్పీకర్‌లోంచి వస్తాయి. శబ్దం హెచ్చించి తగ్గించుకోవడానికి పక్కనే గుండ్రటి మీట ఉన్న చిన్న పెట్టె. టాకీసు సొంతదారు, అందరూ మొదలాళి అని పిలిచే ఆదికేశవులు, ముచ్చటపడి పెట్టించిన ఏర్పాటది. ఆ మధ్యాహ్నం ఆట చూడడానికి ఆయనే స్వయంగా వచ్చి బాల్కనీలో కూర్చున్నాడు. ఇంటర్వెల్‌లో కిందికి దిగి తల్లుల గది స్పీకర్ వింటానని కబురు పెట్టాడు.

బాలసుందరం కాలుగాలిన పిల్లిలా మెట్లకూ తలుపుకూ మధ్య తిరుగుతున్నాడు. మెడ తుడుచుకున్న చేతిరుమాలు పిండితే నీళ్లు కారేలా ఉంది. ఆడవాళ్ల వాకిట్లో టిక్కెట్లు చించే కన్నియమ్మను పట్టుకుని అడిగాడు.

"లోపల మీట తిప్పేది ఎవురు?"

"నన్నడిగితే ఎట్ల సామీ? చీటీ చించేదే నా పని. బొమ్మ చూసే భాగ్యం నాకు యాడుంది?" అని కన్నియమ్మ మొహం తిప్పేసుకుంది.

బాలసుందరానికి ఒళ్లు మండింది. "ఆనందన్, ఆ పెట్టె వద్దు, ఏమీ వద్దు. తీగలు నేరుగా స్పీకర్‌కి కలిపెయ్. ఇంక ఎవురు ఎంత తిప్పినా తగ్గకూడదు. గది దద్దరిల్లాల!"

"దద్దరిల్లితే నా మాట నిజమని ఒప్పుకుంటారా?"

"ముందు పో!"

ఆనందన్ టార్చి పట్టుకుని లోపలికి వెళ్లాడు. బాలసుందరం తలుపు దగ్గరే నిలబడ్డాడు. హాల్లో పాట మొదలైంది, అయిపోయింది కూడా. గదిలోంచి చప్పుడు లేదు. ఇక ఆగలేక తలుపు తోసుకుని తనూ దూరాడు.

పంకా గాలి చల్లగా తగిలింది. చనుబాల వాసన, కొబ్బరినూనె వాసన. తెరమీది వెలుగు అద్దంలోంచి వచ్చి వరసగా మొహాలమీద పడుతోంది. ఒక్కరి కళ్లూ తెరమీద లేవు. ఒకామె నోరు తెరుచుకుని, ఒకామె పక్కామె భుజంమీద తల వాల్చి, ఒకామె కింద కొంగు పరుచుకుని, బిడ్డ నోట్లో రొమ్ము అలాగే ఉండగా మరొకామె, గదిలో ఉన్న ఆడవాళ్లంతా ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నారు.

పెట్టె మూత విప్పేసి ఉంది. ఆనందన్ చేతికొక తీగ పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు.

"కలుపు!" బాలసుందరం గొంతు తగ్గించి కసిరాడు.

"కలిపితే ఉలిక్కిపడి లేస్తారు సార్."

"లేవనీ! ఇది టాకీసా, సత్రమా?"

"బిడ్డలు లేస్తే వీళ్లు ఇంక కన్ను మూసేదానికి లేదు సార్."

బాలసుందరం తీగలు లాక్కోబోయాడు. ఆనందన్ గుప్పిళ్లు బిగించాడు. ఇంతలో బయట చెప్పుల చప్పుడు. ఇంటర్వెల్ దాకా ఓపిక లేక మొదలాళి ముందే దిగి వచ్చేశాడు. ఇద్దరూ గబగబా బయటపడ్డారు. ఆనందన్ తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఏమయ్యా బాలసుందరం, ఏదీ, పలికించు చూద్దాం."

బాలసుందరం చేతిరుమాలు తీసి మెడ తుడుచుకోసాగాడు. ఆనందనే నోరు విప్పాడు.

"తప్పు నాది మొదలాళీ. తీగలు తారుమారుగా కలిపేసినా. స్పీకర్ కాలిపోయింది. కొత్తది తెప్పియ్యాల."

మొదలాళి మొహం ఎర్రబడింది. "చేతగాని పని ఎందుకు ఒప్పుకుంటివి? బాలసుందరం! కొత్తది బొంబాయి నుంచి వచ్చేదాకా ఆ గది అట్లే ఉండనీ. ఈ మనిషిని మాత్రం మళ్లా మన గడప తొక్కనీయొద్దు. పురసవాక్కం రేడియో అంగళ్లవాళ్లకి కూడా నేనే చెప్తా, ఎవురూ పని ఇయ్యొద్దని."

చెప్పులు టపటపలాడించుకుంటూ ఆయన మెట్లెక్కి వెళ్లిపోయాడు.

బాలసుందరం కోపం అంతా ఎక్కడికి పోయిందో పోయింది. "నీకేమన్నా పిచ్చా? పొద్దున నుంచి తప్పు లేదు, తప్పు లేదని నాతో కొట్లాడితివే! ముక్కూ మొహం తెలియని ఆడోళ్ల కోసం అన్నం పెట్టే పని పోగొట్టుకుంటివా?"

ఆనందన్ స్క్రూడ్రైవర్ సంచీలో వేసుకున్నాడు. తలుపు కొంచెం తెరిచి, సందులోంచి లోపలికి చూశాడు.

"ఆ మూల, బిడ్డని ఎదమీద ఏసుకోని ఉండాదే, ఆయమ్మ నా పెండ్లాం సార్. కాపురానికి వచ్చినాక ఆమె నిద్రపోయేది నేను ఈ పొద్దే చూసినా."