వాలు బల్ల

“దీనిమీద కూడా పడుకో నాన్నా. ఇదొక్కటే మిగిలింది.”

తండ్రి కదల్లేదు. పొద్దుటి నుంచి ఆ పాత ఆసుపత్రి సామాన్ల కొట్టులో ఉన్న బల్లలన్నిటి మీదా కూతురు చెప్పినట్టల్లా బోర్లా, వెల్లకిలా పడుకుని చూశాడు. ఒకటి ఊగింది. ఒకటి కిర్రుమంది. ఎల్లుండే ఆమె క్లినిక్ తెరవాలి. నడుం నొప్పులకు నూనె మర్దన చేసే గదిలో ఇంకా బల్ల పడలేదు.

మూలనున్నది పొడుగాటి స్టీలు బల్ల. చుట్టూ వేలెడు అంచు. కాళ్ళవైపు కాస్త వాలు, ఆ చివర ఒక తూము.

“చూశావా? కింద గిన్నె పెట్టుకుంటే నూనె ఒక్క చుక్క నేలపాలు కాదు,” అంది కూతురు.

“పెద్దాసుపత్రి సరుకమ్మా. వేలంలో తెచ్చా,” అన్నాడు కొట్టతను. “దీనిమీద పడుకున్నవాళ్ళెవరూ ఇంతవరకూ నడుం నొప్పి అనలేదు.”

తండ్రి తలవైపు మూల దగ్గర ఆగిపోయాడు. అక్కడ స్టీలు రేకు కొక్కెంలా చిరిగి పైకి లేచి ఉంది. దానిమీద వేలు పెట్టాడు.

“జాగ్రత్త పెద్దాయనా, తెగుతుంది! సుత్తితో అణిచి ఇస్తాలే.”

“ఆయన అరచేతికి ఇప్పటికే ఒక మచ్చ ఉంది,” అంది కూతురు. “నా చిన్నప్పుడు ఏదో రేకు కోసుకుందట. ఎక్కడంటే చెప్పడు.”

“ఇది వద్దమ్మా,” అన్నాడు తండ్రి.

“ఎందుకు?”

“వద్దు.”

“ఎప్పుడూ ఇంతే నువ్వు! ఉద్యోగం మానేస్తానంటే వద్దు. క్లినిక్ అంటే వద్దు. కారణం చెప్తే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?”

“కొత్తది చేయిద్దాం.”

“నెల పడుతుంది. ఎల్లుండి వచ్చేవాళ్ళని నేలమీద పడుకోబెట్టనా?”

“నా మంచం ఇస్తా.”

కొట్టతను కిసుక్కున నవ్వాడు. కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“అమ్మ ఆ రోజు ఆ బస్సు ఎక్కకపోతే నాకీ తిప్పలుండేవి కాదు. నిన్నెవరు బతిమాలేవాళ్ళు? తనే పడుకుని చూసి బాగుందో లేదో చెప్పేది.”

ఆమె చెప్పులు విడిచింది. అంచు పట్టుకుని బల్ల ఎక్కబోయింది.

తండ్రి ఆమె భుజాలు పట్టుకుని వెనక్కి లాగాడు. ఎన్నడూ ఆమెను అంత గట్టిగా పట్టుకోలేదు. తర్వాత కుడి అరచెయ్యి తెరిచి ఆ చిరుగు మీద ఆనించాడు. మచ్చ వంపూ, రేకు వంపూ ఒకటే.

“మార్చురీలో మీ అమ్మను నాకు దీనిమీదే చూపించారు.”