ఒడ్డుకే వచ్చిన బతుకమ్మ

చెరువు గట్టు మీది విల్లాలవాళ్లు బోట్ల రొద భరించలేక నీళ్లలో వరుసగా తోపుడు బుడగలు పెట్టించారు. వాటికి ఏది తగిలినా అల పుట్టించి వెనక్కి నెట్టేస్తాయి. ఇప్పుడు నగరంలో అవి లేని చెరువే లేదు.

సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం స్వరూప తన బతుకమ్మను నీళ్లలో వదిలింది. అది బుడగల దాకా పోయి, మెల్లగా తిరిగొచ్చి ఆమె మోకాళ్లకు తగిలింది. మళ్లీ తోసింది. మళ్లీ వచ్చింది. పక్కవాళ్లవీ అంతే. బయటి నుంచి వచ్చేవాటి గురించే అందరూ ఆలోచించారు గానీ, లోపలి నుంచి పోయేది కూడా ఒకటుంటుందని బుడగలు కొన్ననాడు ఎవరికీ తట్టలేదు.

“జరసేపు ఆ బుడగలు బంద్ చెయ్యి బిడ్డా,” అంది స్వరూప. విల్లాల సంఘానికి ఆమె కొడుకు శ్రీశైలమే పెద్ద.

“చేస్తే బోట్లన్నీ లోపటికొస్తయమ్మా. చూడు, కాసుకొని కూసున్నరు.”

బుడగల అవతల బోట్లు నిజంగానే ఆగి ఉన్నాయి. ఒకతను ఇంజను ఆపి కేకేశాడు.

“బంద్ చేయుండ్రి అన్నా. మేం రాము. అమ్మను పోనియ్యుండ్రి.”

బుడగలను బంద్ చేసేది శ్రీశైలం ఫోనుతోనే; అతను దాన్ని జేబులోంచి తీయలేదు.

చీకటి పడ్డాక స్వరూప నానిపోయిన బతుకమ్మను తాంబాలంలోకి ఎత్తుకుంది. ఇంటికొచ్చి, “హారికా, టబ్బుల నీళ్లు పట్టు,” అంది కోడలితో.

బాత్రూం టబ్బులో బతుకమ్మ కదలకుండా నిలబడింది. ఏటా అన్నట్టే పోయి రమ్మని అనబోయి స్వరూప ఆగిపోయింది. అందులోంచి ఎక్కడికి పొమ్మనాలి?