మూడో జాడీ

దవాఖాన నుంచి వదిలిపెట్టగానే రాజమల్లు ఇంటికి పోలేదు. నాంపల్లిలో తన ఇంటి సందు ముందు నుంచే నడిచి, నెత్తిన తడిగుడ్డ వేసుకుని, ఆబిడ్స్ మీదుగా సీదా గన్‌ఫౌండ్రీలోని కాలేజీకి బయల్దేరాడు. వడదెబ్బ తగిలి ఐదు రోజులు మంచం మీద ఉన్న మనిషి. అయినా అతని ఫికరంతా ల్యాబులోని మూడో జాడీ గురించే.

ఆ కాలేజీ వృక్షశాస్త్రం ల్యాబులో అతను అటెండరు. కమలకుమారి లెక్చరర్. గుంటూరు వైపు మనిషి, తెలుగువాళ్లంతా ఒక్కటై రాష్ట్రం ఏర్పడ్డ ఏడు హైదరాబాదు వచ్చింది. రాజమల్లు నౌకరీ పర్మినెంటు అయ్యేదాకా ప్రిన్సిపాలు గది చుట్టూ తిరిగింది ఆవిడే. అది మరిచిపోయే రకం కాదతను.

ఏటా ఎండలు ముదిరేసరికి ఆవిడ ఇంటి నుంచి ఇత్తడి చెంబులో నాచు తెచ్చి మూడు గాజు జాడీల్లో వేసేది. ఒకదాంట్లో రవ్వంత మైలుతుత్తం, అదే ఆ నీలి మందు, కలిపి నీడలో పెట్టేది. ఇంకొకటి ఏ మందూ లేకుండా ఎండలో. మూడోదానికి మందూ ఎండా రెండూ. ఆ కాస్త మందుకు మనిషి తాగినా ఏమీ కాదని చెప్పింది ఒకసారి. మందొక్కటే అయితే నాచు తట్టుకునేది. ఎండొక్కటే అయినా తట్టుకునేది.

రెండూ కలిస్తే మాత్రం దాని పని అయిపోయేదే, రాజమల్లు లేకపోతే. మొదటి ఏడు, రెండోనాడు మధ్యాహ్నానికే మూడో జాడీలో నాచు పాలిపోవడం చూసి అతని ప్రాణం ఉసూరుమంది. అమ్మ ఇంత కష్టపడి పెంచుతుంటే చావనిస్తానా అనుకున్నాడు. అప్పటి నుంచి ఆవిడ క్లాసుకు పోగానే జాడీని బల్ల కిందికి జరిపి, తడి గోనె కప్పి, సగం నీళ్లు పారబోసి నల్లా నీళ్లు పోసేవాడు. ఆవిడ వచ్చేలోపు మళ్లీ ఎండలో.

సాయంత్రం ఆవిడ జాడీ ఎత్తి చూసేది. పచ్చగా నిగనిగలాడే నాచు. నోటుబుక్కులో రాసుకుని కళ్లు తుడుచుకునేది. సంతోషం పట్టలేక అనుకునేవాడు, పిచ్చి మారాజు.

పోయిన శ్రావణంలో ఆవిడ ఏడేళ్ల కూతురు శశికళ బావిలో పడి చనిపోయింది. ఇంక జాడీల జోలికి రాదనుకున్నారంతా. వచ్చింది. మళ్లీ అదే చెంబు, అదే నాచు. ఆ తల్లికి మిగిలింది ఇదొక్కటే కదా అనుకున్నాడు రాజమల్లు. ఈసారి అన్నానికి కూడా కదలకుండా కాపలా కాశాడు. అంతలోనే వడదెబ్బ పడగొట్టింది.

ల్యాబు తలుపు తోశాడు. మూడో జాడీలో నాచు తెల్లగా పాలిపోయి అడుక్కు దిగింది. నీళ్లు కంపు కొడుతున్నాయి. కమలకుమారి ఆ జాడీని ఒళ్లో పెట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

రాజమల్లు ఆవిడ కాళ్ల దగ్గర కూలబడ్డాడు. తప్పంతా తనదేనని, ఏటా నీడకు జరిపి, నీళ్లు మార్చి తానే దాన్ని బతికించానని, ఈసారి ఒళ్లు సహకరించలేదని ఏకరువు పెట్టాడు.

ఆవిడ ఏడుపు ఆగిపోయింది.

"పోయినేడు కూడానా?"

"ఔ అమ్మా. మూడేండ్ల సంది గిట్లనే కాపాడుకుంట వచ్చిన. గీసారే నాతోని కాలే."

ఆవిడ జాడీని మెల్లగా బల్ల మీద పెట్టింది. గొంతులో కోపం లేదు.

"ఎండల్లో ఈ చిటికెడు మందు చాలని పోయినేడే తెలిసుంటే, మా బావి మెట్ల మీద ఈ నాచు మిగిలేది కాదు రాజమల్లూ, నా బిడ్డ కాలు జారేదీ కాదు."