వల్లకాటి పొయ్యి

నెట్ అందితేగాని పొయ్యి వెలగని రోజులవి. ఆ ఊళ్లో నెట్ అందేది వల్లకాట్లో మాత్రమే. దాలమ్మ రోజూ పొయ్యిని అక్కడికే మోసుకెళ్లి, శవాలు కాలిన కంపులో ముక్కుకు కొంగు కట్టుకుని అన్నం వండేది. తిరిగొచ్చి తలస్నానం చేశాకే గడప దాటేది. మరి అన్నానికి స్నానం ఎలా? ముద్ద గొంతు దిగేది కాదు.

ఒకనాడు గంజి వారుస్తుంటే కంపెనీ మనిషి వచ్చాడు. "మీ ఇంటికి నెట్ మంజూరైందమ్మా!"

దాలమ్మ సంబరంగా ఇంటిదారి పట్టబోయింది. అతను కదల్లేదు.

"మీ పొయ్యి రోజూ వెలిగేది ఇక్కడేగా? మా లెక్కలో ఇదే మీ ఇల్లు," అంటూ పక్కనున్న సమాధికి నెట్ పెట్టె బిగించాడు.

దాలమ్మ కాండ్రించి ఉమ్మింది.

"థూ! సచ్చాక రావాల్సిన సోట, బతికుండగానే ఇల్లు రాసీసినారేటి!"