నీలయ్య చెప్పని మాట

అడవిదున్నల మందను ఏలే కరియన్నకూ, పక్క మందను ఏలే బావమరిది మైలన్నకూ నీటిమడుగు కోసం పోరు ముదిరింది. కరియన్న కొడుకు నీలయ్య వానాకాలం తండ్రి దగ్గర, మిగతా రోజులు మేనమామ దగ్గర పెరిగాడు. కొమ్ము విసరడం నేర్పింది మామే.

మందలు పోరుకు దిగే నాటి పొద్దున, మామ దగ్గరి నుంచి నీలయ్య రాగానే తండ్రి అడిగాడు. "మీ మామకు ఒక కన్ను కనబడదటగా. ఏ కన్ను?"

"చెప్పను నాన్నగారూ."

"నువ్వు నా కొడుకువేనా?"

"మీ కొడుకునే. మీ పక్కనే నిలబడి పోరాడతాను. నిన్న మామయ్య మీ మోకాలి నొప్పి సంగతి అడిగితే, ఆయనకూ చెప్పనన్నాను. 'అయితే మీ నాన్న దగ్గరికే వెళ్ళు' అని పంపేశాడు."

ఇద్దరి గుట్టూ దాచే కొడుకును మధ్యలో నిలబెట్టి ఈ పోరేమిటి అనుకున్నాడు కరియన్న. తర్వాత మడుగు అవతలికి కేక వేశాడు.

"బావా! పొద్దున నీళ్ళు మీ మందకి, సాయంత్రం మా మందకి. సరేనా?"

అవతలి గట్టున మైలన్న సరేనని తల ఊపి, తన మందను వెనక్కి మళ్ళించాడు.